ఎవరి జట్టూ కాని దేశానికి ఎన్ని యుద్ధవిమానాలు?

2014 ఫిబ్రవరి 17. అడిస్ అబాబా నుంచి రోమ్‌కు అర్ధరాత్రి దాటాక బయల్దేరిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 767లో పైలట్ బాత్‌రూముకని కాక్‌పిట్ దాటి బయటికొచ్చాడు. వెంటనే లోపలున్న కో-పైలట్ తలుపు గడియ పెట్టేసుకున్నాడు. విమానం హైజాక్ అయిందన్న సంకేతం తనే పంపాడు. రోమ్‌లో దిగకుండా ఉత్తరానికి తిప్పి, జెనీవా వెళ్తున్నానన్నాడు. లోపల రెండొందల మంది ఉన్నారు. ఇటలీ మీద ఉన్నంతసేపూ ఇటలీ యూరోఫైటర్లు పక్కన ఎగిరాయి. ఆ తర్వాత ఫ్రెంచి మిరాజ్‌లు అందుకున్నాయి. పొద్దున ఆరు దాటీ దాటగానే విమానం జెనీవాలో వాలింది. కో-పైలట్ కాక్‌పిట్ కిటికీలోంచి తాడు వేసుకుని కిందికి జారి, పోలీసులకు లొంగిపోయి ఆశ్రయం ఇమ్మని అడిగాడు. ప్రయాణికులు క్షేమంగా దిగారు.

స్విట్జర్లాండ్ గడ్డ మీద దిగిన విమానం పక్కన స్విస్ యుద్ధవిమానం ఒక్కటీ లేదు. కారణం విని యూరప్ అంతా ముక్కున వేలేసుకుంది. అప్పటికి స్విస్ వాయుసేనవి ఆఫీసు వేళలు. పొద్దున 8 నుంచి 12, మళ్లీ ఒంటిగంటన్నర నుంచి 5. రాత్రుళ్లూ శని ఆదివారాలూ సెలవు. డబ్బూ సిబ్బందీ చాలక ఇలా నడుపుతున్నామని వాయుసేన ప్రతినిధి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పొరుగు దేశపు విమానాలు తోడు రావడానికి ఒప్పందం ఉంది కానీ, స్విస్ ఆకాశంలో కాల్చే హక్కు వాటికి లేదని, అది సార్వభౌమత్వానికి సంబంధించిన సంగతని కూడా అన్నాడు.

ఇంత నవ్వులపాలయ్యాక జనం కొత్త విమానాలకు ఎగబడి ఓటేస్తారని ఎవరైనా అనుకుంటారు. సరిగ్గా మూడు నెలలకు, మే 18న, స్వీడన్ నుంచి 22 గ్రిపెన్ యుద్ధవిమానాలు కొనాలా వద్దా అని దేశమంతా ఓటింగ్ జరిగింది. 53.4 శాతం మంది వద్దన్నారు.

విస్తీర్ణంలో తెలంగాణలో మూడో వంతుకు కాస్త ఎక్కువ, జనాభాలో హైదరాబాద్ మహానగరం కంటే తక్కువ ఉండే ఈ దేశం యుద్ధవిమానాల గురించి చర్చించుకున్నంతగా ప్రపంచంలో మరే దేశమూ చర్చించుకోలేదేమో. నాటోలో లేదు, యూరోపియన్ యూనియన్‌లో లేదు. ఐక్యరాజ్యసమితిలో కూడా 2002 దాకా చేరలేదు. నెపోలియన్ పడిపోయాక 1815లో పెద్ద రాజ్యాలన్నీ దీని తటస్థతకు ముద్ర వేశాయి. ఎవరితోనూ యుద్ధం లేని దేశానికి గంటకు రెండు వేల కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే ఆయుధం ఎందుకన్న ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. సాధారణ ప్రయాణికుల జెట్ కూడా ఉత్తరం నుంచి దక్షిణానికి ఈ దేశాన్ని పావుగంటలో దాటేస్తుంది. శత్రువు వచ్చాడని తెలిసేలోపే అవతలి సరిహద్దు వచ్చేస్తుంది.

అయినా కొనాలనే నా అభిప్రాయం. ఎన్ని, ఎలాంటివి, ఎవరి దగ్గర అన్న చోటే స్విస్ ప్రభుత్వం పప్పులో కాలేసిందని కూడా అనుకుంటున్నాను.

గోడ మీద పిల్లికీ బాధ్యతలున్నాయి

తటస్థత అంటే ఎవరి గొడవా పట్టించుకోకుండా తలుపేసుకుని కూచోవడం అనుకుంటాం. అంతర్జాతీయ చట్టం ఒప్పుకోదు. 1907 హేగ్ ఒప్పందం ప్రకారం తటస్థ దేశానికి హక్కులతోపాటు పనీ ఉంది. యుద్ధం చేసుకుంటున్న ఏ పక్షమూ తన నేలను వాడుకోకుండా చూసుకోవాలి. ఆపలేకపోతే, నీ నేల మీదుగా శత్రువు వస్తున్నాడు గనక మేమూ వస్తామని రెండోవాడు అనొచ్చు. విమానాలొచ్చాక ఇదే సూత్రం ఆకాశానికీ పాకింది. 2003లో ఇరాక్ మీద అమెరికా దాడి మొదలెట్టినప్పుడు స్విట్జర్లాండ్ తన ఆకాశాన్ని ఆ యుద్ధం కోసం ఎగిరే సైనిక విమానాలకు మూసేసింది. మూశామని కాగితం మీద రాస్తే సరిపోదు, మూసినట్టు పైకెళ్లి చూసేవాడొకడు కావాలి.

కాగితాన్ని నమ్ముకున్న బెల్జియం సంగతి తెలిసిందే. 1839 ఒప్పందంలో పెద్ద దేశాలన్నీ దాని తటస్థతకు హామీ ఇచ్చాయి. 1914లో జర్మనీ ఆ దేశాన్ని తొక్కుకుంటూ ఫ్రాన్స్ మీదికి పోయింది. మళ్లీ తటస్థమంది, 1940లో మళ్లీ అదే జరిగింది. బెల్జియానికి సైన్యం లేదని కాదు. దాన్ని దాటడానికి అయ్యే ఖర్చు దండెత్తేవాడికి పెద్దగా అనిపించలేదు, అంతే.

ఆ 1940లోనే స్విట్జర్లాండ్‌లో జరిగింది సినిమా కథలా ఉంటుంది. స్విస్ వాయుసేన దగ్గరున్న మంచి విమానాలు మెసర్‌ష్మిట్ 109లు. కొన్నది జర్మనీ దగ్గరే. మే, జూన్ నెలల్లో జర్మన్ బాంబర్లు ఫ్రాన్స్ మీదికి పోతూ వస్తూ స్విస్ కొండల మీదుగా అడ్డదారి తొక్కాయి. స్విస్ పైలట్లు ఆ జర్మన్ తయారీ విమానాలెక్కి జర్మన్ విమానాలను కూల్చారు, 11 దాకా. జర్మన్ వాయుసేనాధిపతి గోరింగ్ మండిపడ్డాడు. తన దగ్గర విమానాలు కొన్నవాళ్లే తన వాళ్లను కూలుస్తారా అని, స్విస్ వైమానిక స్థావరాలను పేల్చేయమని విధ్వంసకులను పంపాడు. వాళ్లు పని కానివ్వకముందే పట్టుబడ్డారు. ఇంతలో ఫ్రాన్స్ పడిపోయింది. స్విట్జర్లాండ్‌కు నాలుగు వైపులా జర్మనీ, దాని మిత్రులే మిగిలారు. స్విస్ సర్వసేనాని హెన్రీ గీసాన్ జూన్‌లోనే తమ ఆకాశంలో విమాన పోరాటాలు ఆపమని ఆజ్ఞాపించాల్సి వచ్చింది.

తర్వాత కూడా ఆకాశం ప్రశాంతంగా లేదు. 1944 ఏప్రిల్ 1న అమెరికన్ బాంబర్లు దారి తప్పి, జర్మనీ ఊరనుకుని షాఫ్‌హాసెన్ మీద బాంబులేశాయి. 40 మంది చనిపోయారు. అమెరికా తప్పు ఒప్పుకుని పరిహారం చెల్లించింది. అదే నెలాఖరుకు, జర్మనీ రాత్రిపూట వేటకు వాడే మెసర్‌ష్మిట్ 110 ఒకటి, కొత్త రాడార్‌తో సహా, దారి తప్పి జూరిక్ పక్కన డ్యూబెన్‌డార్ఫ్‌లో దిగింది. ఆ రాడార్ మిత్రపక్షాల కంటబడుతుందేమోనని జర్మనీకి గుబులు. స్విస్ వాళ్లు బేరం పెట్టారు. మీ ఎదురుగానే విమానం తగలబెడతాం, బదులుగా 12 కొత్త 109లు మాకు అమ్మండి. జర్మనీ ఒప్పుకుంది. ఆ విమానాన్ని నిజంగానే కాల్చేశారు. వచ్చిన పన్నెండూ మాత్రం నాసిరకంవి. యుద్ధం చివర్లో జర్మన్ ఫ్యాక్టరీల్లో తయారైన సరుకు అలాగే ఉండేది.

ఈ రెండు ఉదంతాల్లో ఇప్పటి కథ మొత్తం ఉంది. తటస్థ దేశానికి తటస్థ విమానం దొరకదు. ఎవరి మీద కాపలా కాయాలో వాళ్ల దగ్గరే కొనాల్సిరావచ్చు. అమ్మినవాడికి కోపం వస్తే విడిభాగాలు ఆగుతాయి, బలహీనుడైతే సరుకు పుచ్చుతుంది.

మనమే తయారు చేసుకుందామా

యుద్ధం అయ్యాక స్విస్ వాళ్లు సహజంగానే అనుకున్నారు, సొంతంగా చేసుకుందామని. గడియారాలు చేసే దేశానికి విమానం ఒక లెక్కా? పీ-16 అనే జెట్ తయారైంది. చిన్న రన్‌వే మీద లేచి, చిన్న రన్‌వే మీద దిగే విమానం, కొండల మధ్యకు సరిగ్గా సరిపోయేది. వంద విమానాలకు ఆర్డరు పడింది. 1958లో మూడో నమూనా కాన్‌స్టన్స్ సరస్సులో కూలింది. ఆర్డరు రద్దు. బ్రిటన్ నుంచి వంద హంటర్ విమానాలు తెచ్చుకున్నారు. పీ-16 రెక్కల నమూనాను బిల్ లియర్ అనే అమెరికన్ పట్టుకెళ్లి లియర్‌జెట్ చేశాడు. ధనవంతులంతా ఎక్కి తిరిగిన బుల్లి జెట్‌కు మూలం స్విస్ ప్రభుత్వం వద్దనుకున్న యుద్ధవిమానం.

ఆ తర్వాతది మిరాజ్ గొడవ. స్విస్ రాజకీయాల్లో మన బోఫోర్స్ అంతటి పేరున్న కుంభకోణం, కాకపోతే ఇందులో లంచం లేదు, అత్యాశే ఉంది. 1961లో వంద ఫ్రెంచి మిరాజ్‌లకు పార్లమెంటు 87.1 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేసింది. ఉన్నది ఉన్నట్టు కొంటే సరిపోయేది. ఫ్రెంచి రాడార్ వద్దు అమెరికన్‌ది పెట్టమన్నారు. క్షిపణులు అమెరికావి కావాలన్నారు. కొండ గుహల్లో క్రేన్‌తో ఎత్తి పక్కకు జరపడానికి వీలుగా విమానం ఒంటికి కొక్కేలు తగిలించేలా గట్టి చేయమన్నారు. 1964లో ఇంకో 57.6 కోట్లు ఇమ్మని మళ్లీ పార్లమెంటు ముందుకొచ్చారు. పార్లమెంటుకు ఒళ్లు మండింది. స్విస్ చరిత్రలో మొట్టమొదటి పార్లమెంటరీ విచారణ సంఘం దీని మీదే వేశారు. వాయుసేన అధిపతి పదవి పోయింది, సైనిక ప్రధానాధికారి రాజీనామా చేశాడు, రక్షణ మంత్రి పాల్ షోడే తర్వాతి ఎన్నికకు నిలబడలేదు. వందకు బదులు 57 విమానాలొచ్చాయి. డబ్బు చాలనప్పుడు విమానాల సంఖ్యే తగ్గించుకోవడం స్విట్జర్లాండ్‌లో అప్పుడు మొదలైంది. దీన్ని గుర్తుంచుకోండి, అరవై ఏళ్ల తర్వాత మళ్లీ పనికొస్తుంది.

ఓటు ఓటుకీ ఓ విమానం

స్విట్జర్లాండ్‌లో ప్రజలు సంతకాలు సేకరించి ఏ విషయాన్నయినా ఓటింగుకు లాగొచ్చు. 1989లో ఏకంగా సైన్యాన్నే రద్దు చేద్దామా అన్న ఓటింగ్ జరిగింది. ఓడిపోయింది గానీ 35.6 శాతం మంది రద్దు చేయమన్నారు. సైన్యాన్ని పవిత్రంగా చూసే దేశంలో అది భూకంపమే. ఆ ఓటింగు తెచ్చిన ఉద్యమమే 1992లో అమెరికన్ ఎఫ్‌ఏ-18 హార్నెట్‌లకు వ్యతిరేకంగా నెల రోజుల్లో ఐదు లక్షల సంతకాలు పోగేసింది. 1993 జూన్‌లో ఓటింగ్. ఈసారి 57 శాతం మంది విమానాల వైపు నిలబడ్డారు. 34 హార్నెట్‌లు వచ్చాయి. ఇప్పటికీ స్విస్ ఆకాశాన్ని కాస్తున్నవి వాటిలో మిగిలినవే.

2014 గ్రిపెన్ ఓటింగుకు వచ్చేసరికి కథ మారింది. ఎంచుకున్న కొత్త గ్రిపెన్ అప్పటికింకా పూర్తిగా తయారవలేదు. ప్రత్యర్థులు కాగితం విమానమని ఎగతాళి చేశారు. వాయుసేన పరీక్షల్లో రఫేల్ ముందుందని, గ్రిపెన్ వెనకబడిందని చెప్పే అంతర్గత నివేదికలు అప్పటికే పత్రికలకెక్కాయి. ఇవన్నీ చాలవన్నట్టు రక్షణ మంత్రి ఊలీ మౌరర్ ప్రచార సభల్లో ఓ జోకు వేస్తూ తిరిగాడు. ముప్పై ఏళ్ల పాత సామాను ఇంట్లో ఎంతమంది ఉంచుకుంటారు, ఇల్లు చూసుకునే భార్య తప్ప, అని. ఆడవాళ్ల ఓట్లు ఎటు పడ్డాయో వేరే చెప్పక్కర్లేదు.

నా దృష్టిలో ఆ రోజు స్విస్ ఓటర్లు ఓ మంచి అవకాశం పోగొట్టుకున్నారు. గ్రిపెన్ తయారీదారు స్వీడన్ అప్పటికి నాటో బయటే ఉంది. ఒకే ఇంజిన్, తక్కువ నడుపుడు ఖర్చు, మామూలు రహదారుల మీద దిగేలా రూపొందించిన విమానం. 22 విమానాలు, 312.6 కోట్ల ఫ్రాంకులు. కాపలా పనికి అంతకు మించి అవసరం లేదు. ఎంపిక జరిగిన తీరు చెడ్డది కావచ్చు, ఎంపికైన వస్తువు చెడ్డది కాదు. కానీ ఓటరుకు వస్తువు కంటే మంత్రి మొహం ముందు కనిపిస్తుంది, ఎక్కడైనా.

2020 సెప్టెంబరు 27న మళ్లీ అడిగారు. ఈసారి ప్రభుత్వం తెలివిగా ఏ విమానమో చెప్పలేదు. 600 కోట్ల ఫ్రాంకుల పరిమితిలో కొత్తవి కొనుక్కోవచ్చా అని మాత్రమే అడిగింది. మన లెక్కలో 60 వేల కోట్ల రూపాయల పైమాటే. ఫలితం 50.1 శాతం అనుకూలం. దాదాపు ముప్పై రెండు లక్షల ఓట్లలో తేడా తొమ్మిది వేల లోపు.

మరుసటి ఏడాది జూన్ ఆఖర్న ఎంపిక ప్రకటించారు. యూరోఫైటర్, రఫేల్, సూపర్ హార్నెట్‌లను పక్కనపెట్టి అమెరికన్ ఎఫ్-35ఏ. ఎన్నో తెలుసా, 36. మనం 2016లో ఫ్రాన్స్ నుంచి కొన్న రఫేల్‌లూ సరిగ్గా 36. మన వైపు 126 నుంచి 36కు ఎందుకు తగ్గిందన్న రచ్చ ఎంతకాలం సాగిందో గుర్తుంది కదా.

ఎఫ్-35 ఎంపికకు స్విస్ రక్షణశాఖ చెప్పిన కారణాలను తీసిపారేయలేం. నాలుగింటిలో అది మార్కుల్లో చాలా ముందుంది. ముప్పై ఏళ్ల ఖర్చు కలిపి లెక్కేస్తే రెండో స్థానంలో ఉన్నదాని కంటే సుమారు 200 కోట్ల ఫ్రాంకులు తక్కువని తేలింది. అధునాతనమైనదే చవకైనదీ అయితే ఇంక ఆలోచన దేనికి? అనుమానించాల్సింది కూడా అక్కడే. రాడార్‌కు చిక్కకుండా శత్రువు లోపలికి చొరబడి బాంబు వేయడానికి పుట్టిన విమానం అది. చొరబాట్లు చేయనని రెండొందల ఏళ్లుగా ప్రతిజ్ఞ చేసిన దేశానికి ఆ విద్య ఎందుకు?

ఖాయమన్న ధర

ఎఫ్-35కు వ్యతిరేకంగా లక్షకు పైగా సంతకాలు పోగయ్యాయి. దాని మీద ఓటింగ్ జరగకముందే, 2022 సెప్టెంబరు 19న ప్రభుత్వం అమెరికాతో ఒప్పందం మీద సంతకం పెట్టేసింది. 2023 మార్చి దాటితే ధర మారుతుందన్నది చెప్పిన కారణం. ప్రజాస్వామ్యానికి పాఠాలు చెప్పే దేశంలో ఈ తొందర చాలామందికి మింగుడు పడలేదు. ఉద్యమకారులు చేసేదేంలేక తమ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు.

అసలు కథ ధర దగ్గర. 36 విమానాలకు 603.5 కోట్ల ఫ్రాంకులు, ఇది ఖాయమైన ధర, అమెరికాలో ధరలు పెరిగినా మాకు సంబంధం లేదు అని ప్రభుత్వం పదేపదే చెప్పింది. దేశ ఆడిట్ విభాగం 2022లోనే హెచ్చరించింది, ఈ ధర ఖాయమని చెప్పడానికి చట్టపరమైన భరోసా కనిపించడం లేదని. ప్రభుత్వం న్యాయనిపుణుల అభిప్రాయాలు చూపించి ఆ హెచ్చరికను కొట్టిపారేసింది. 2025 జూన్‌లో అసలు సంగతి బయటపడింది. ఖాయమైన ధర అన్నది అపోహ, అదనంగా 65 కోట్ల నుంచి 130 కోట్ల డాలర్లు అవుతుందని అమెరికా తేల్చేసింది. అమెరికా తన సైన్యానికి ఎంతకు కొంటుందో స్విట్జర్లాండ్‌కూ అంతే. ముడిసరుకు, ద్రవ్యోల్బణం, ఏది పెరిగినా భారం కొన్నవాడిదే.

ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే ఆగస్టులో అమెరికా స్విస్ సరుకుల మీద 39 శాతం సుంకం వేసింది. అప్పటి స్విస్ అధ్యక్షురాలు కారిన్ కెల్లర్-సుటర్ వాషింగ్టన్ పరుగెత్తి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. గడియారాలూ చాక్లెట్లూ మీకొద్దంటే మీ విమానాలు మాకెందుకని స్విస్ పార్లమెంటులో కొందరు గొంతెత్తారు. ఆ సుంకం నవంబరులో 15 శాతానికి దిగింది. ఉక్రెయిన్‌కు ముందు ఇవ్వాలంటూ, స్విట్జర్లాండ్ ఆర్డరు చేసిన పేట్రియట్ క్షిపణి వ్యవస్థలను కూడా అమెరికా వెనక్కి నెట్టింది.

మనవాళ్లకు ఎఫ్-35 దగ్గరగా పరిచయమైంది ఆ వేసవిలోనే. బ్రిటిష్ నౌకాదళపు ఎఫ్-35బీ ఒకటి 2025 జూన్ 14న తిరువనంతపురంలో అత్యవసరంగా దిగింది. హైడ్రాలిక్స్ చెడి జులై 22 దాకా అక్కడే ఉండిపోయింది. వానలో తడుస్తున్న ఆ విమానం మీద కేరళ టూరిజం వాళ్లు వేసిన జోకులు ఫోన్లన్నిట్లో తిరిగాయి. దాన్ని బాగుచేయడానికి మనుషులూ సామగ్రీ బ్రిటన్ నుంచి రావాల్సి వచ్చింది. ఈ విమానాల్లో అమెరికా దూరం నుంచే నొక్కి ఆపేసే మీట ఏదో ఉందన్న పుకారుకు ఆధారం లేదు. మీట అక్కర్లేదు కూడా. విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ మార్పులు, ఎదుటివాడి రాడార్లు గుర్తుపట్టే సమాచారం, అన్నీ అట్లాంటిక్ అవతలి నుంచే రావాలి. అవి ఆలస్యమైతే చాలు. 1940లో గోరింగ్ విధ్వంసకులను పంపాల్సి వచ్చింది. ఇప్పుడైతే ఓ పార్సిల్ ఆపితే సరిపోతుంది.

లేకుండా బతికితే?

అలాగైతే అసలు మానేస్తే పోలేదా? ఐర్లండ్ చేసింది అదే. ఐరోపా పశ్చిమపు అంచున, అట్లాంటిక్ విమానాల దారిలో ఉన్న తటస్థ దేశం. దాని దగ్గర పాతకాలపు శిక్షణ జెట్‌లుంటే అవీ 1990ల చివర్లో విశ్రాంతి తీసుకున్నాయి. ఇప్పుడున్నవి పీసీ-9 ప్రొపెల్లర్ విమానాలు. వాటి తయారీ స్విట్జర్లాండ్‌లోని పిలాటస్ కంపెనీది. హైదరాబాద్ శివారు దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో మన కుర్రాళ్లు మొదటిసారి ఆకాశంలోకి లేచే పీసీ-7 ఎంకే2 కూడా ఆ కంపెనీదే. రష్యన్ బాంబర్లు ఐర్లండ్ పక్కకు వచ్చినప్పుడల్లా ఎదురెళ్లేది బ్రిటిష్ విమానాలు. దీనికి రెండు ప్రభుత్వాల మధ్య రహస్య అవగాహన ఉందని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. డబ్లిన్ అవుననదు, కాదనదు. ఏడొందల ఏళ్లకు పైగా పోరాడి ఎవరి నుంచి బయటపడిందో, ఆకాశానికి మళ్లీ వాళ్లే కాపలా. దీన్ని తటస్థత అనడానికి నాకు మనసొప్పదు. ప్రభుత్వం వేసిన కమిషన్ 2022లో ముందు పెట్టిన మూడు మార్గాల్లో అన్నిటికంటే ఖరీదైనదానిలోనే యుద్ధవిమానాలున్నాయి. ఐర్లండ్ ముందు రాడార్‌తో మొదలుపెట్టింది. చూపు లేనివాడికి కత్తి ఇచ్చి లాభం లేదు కాబట్టి ఆ క్రమం సరైనదే.

ఆస్ట్రియాది మరో బాధ. 1955 ఒప్పందంలో అది క్షిపణులు ఉంచుకోకూడదన్న షరతు ఉండేది. అందుకని స్వీడన్ దగ్గర పాత డ్రాకెన్‌లు కొని ఫిరంగులతోనే నడిపింది. 1991 జూన్‌లో స్లొవేనియా యుద్ధం మొదలైనప్పుడు యుగొస్లావ్ మిగ్ ఒకటి గ్రాజ్ నగరం దాకా వచ్చిపోయింది. ఆ తర్వాతే 1993లో క్షిపణులు తగిలించారు. డ్రాకెన్‌లు ముసలివయ్యాక, కొత్తవి వచ్చేదాకా స్విట్జర్లాండ్ దగ్గర 12 ఎఫ్-5లు అద్దెకు తెచ్చుకుంది. తర్వాత కొన్నవి యూరోఫైటర్లు. 18 అనుకున్నవి 2007లో 15కు తగ్గించారు. వాటి చుట్టూ విచారణలూ ఆరోపణలూ ఏళ్ల తరబడి నడిచాయి. కొన్నవాళ్లకు ఓ బాధ, కొననివాళ్లకు ఇంకో బాధ.

రోజువారీ పని

ఏటా జనవరిలో మన ముఖ్యమంత్రులు పెట్టుబడుల వేటకు దావోస్ వెళ్తారు కదా, ఆ వారమంతా ఆ ఊరి చుట్టూ 46 కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఆకాశం కట్టడిలో ఉంటుంది. హార్నెట్‌లు గస్తీ తిరుగుతాయి. స్విస్ యుద్ధవిమానాలు నిజంగా చేసే పని ఎక్కువగా ఇదే. సమావేశాలకు కాపలా, రేడియో పలకని చిన్న విమానాల పక్కకు వెళ్లి చూడటం, దేశం మీదుగా పోయే విదేశీ ప్రభుత్వ విమానాల అనుమతి సరిచూడటం. జెనీవా అవమానం తర్వాత ఏళ్ల తరబడి మనుషులను చేర్చుకుని, 2020 డిసెంబరు 31 నుంచి ఆయుధాలతో రెండు విమానాలను రాత్రింబవళ్లు సిద్ధంగా ఉంచుతున్నారు. పదిహేను నిమిషాల్లో పైకి లేవాలి. ఆఫీసు వేళలు పోయాయి.

మైరింగెన్ స్థావరంలో విమానాలు కొండ లోపల నిద్రపోతాయి. రాతిని తొలిచిన గుహల ఉక్కు తలుపులు తెరుచుకుంటే, పచ్చిక మైదానాల మధ్య, గుడిసెల్లాంటి చెక్క ఇళ్ల పక్కన హార్నెట్ బయటికొస్తుంది. చెవులు దిమ్మెత్తే మోతకు లోయలో ఉండేవాళ్లు విసుక్కుంటారు. వాళ్లలోనే కొందరు అక్టోబరు రాగానే, రెండు వేల మీటర్ల పైకి కొండెక్కి, ఆక్సాల్ప్ దగ్గర విమానాలు కొండవాలు మీది లక్ష్యాల మీద నిజం తూటాలు పేల్చడం చూస్తారు.

2024 జూన్ 5న పయెర్న్ దగ్గర ఏ1 హైవేను మూసేసి, మధ్య రెయిలింగు పీకేసి, తారు మీద రాయి లేకుండా ఊడ్చి, హార్నెట్‌లను దింపారు. అలా చేసి ముప్పై ఏళ్లు దాటింది. సుమారు రెండున్నర నెలల ముందు, మార్చి 18న, మన బాపట్ల జిల్లా కొరిసపాడు దగ్గర జాతీయ రహదారి 16 మీదికి మన సుఖోయ్‌లు రోడ్డును తాకకుండా దగ్గరదాకా దిగివచ్చి పైకి లేచాయి. ఉద్దేశం రెండు చోట్లా ఒకటే. స్థావరం మీద క్షిపణి పడితే రోడ్డే రన్‌వే కావాలి. ఉక్రెయిన్ యుద్ధం చూశాక అందరికీ ఈ ఆలోచన గట్టిపడింది.

ఉక్రెయిన్ ఇంకో సంగతి కూడా చూపించింది. 2025 సెప్టెంబరులో రష్యన్ డ్రోన్‌లు పోలండ్‌లోకి చొరబడితే వాటిని కూల్చడానికి నెదర్లాండ్స్ ఎఫ్-35లు వెళ్లాయి. కొబ్బరికాయ కొట్టడానికి రోడ్డురోలరు తేవడం లాంటిదది. ఆ నెలలోనే కోపెన్‌హాగెన్ విమానాశ్రయం డ్రోన్‌ల భయంతో కొన్ని గంటలు మూతబడింది. చిన్న దేశం ఆకాశంలోకి రేపు వచ్చేది ఇలాంటి చవక సరుకే. దానికి కావాల్సింది భూమ్మీద నుంచి కొట్టే చిన్న క్షిపణులు, రాడార్లు, జామర్లు. 600 కోట్లు విమానాల మీదే పోస్తే వీటికి మిగిలేదెంత?

కాబట్టి నా లెక్క ఇలా ఉంది. చిన్న తటస్థ దేశానికి యుద్ధవిమానాలు కావాలి, కాకపోతే పోలీసు పనికి సరిపడా. రెండు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, ఒకటి చెడితే ఇంకొకటి రావాలి, కొన్ని శిక్షణలో, కొన్ని మరమ్మతులో ఉంటాయి. ఇరవై, ఇరవై రెండు చాలు. యుద్ధమొస్తే అవి గెలిపించవు, ముప్పై ఆరైనా గెలిపించవు. విమానం ఎంత గొప్పదన్నదాని కంటే, విడిభాగాలు సొంత గడ్డ మీద ఎన్ని నెలలకు నిల్వ ఉన్నాయన్నది ముఖ్యం. ధర ఖాయమా కాదా అన్నది మంత్రి మాట మీద కాకుండా ఒప్పందం కాగితం మీద చూసుకోవాలి.

స్విస్ రక్షణశాఖ లెక్క వేరు. ఉద్రిక్తత వచ్చినప్పుడు నాలుగు వారాల పాటు ఎప్పుడూ నాలుగు విమానాలు గాల్లో ఉండాలని, అందుకు 36 కావాలని అంది. ఆ లెక్కతో వాదించడం కష్టం, ఎందుకంటే దాన్ని ఒప్పుకుంటే 36 కూడా తక్కువే అనిపిస్తుంది. కానీ ప్రజలు ఒప్పుకున్నది 600 కోట్లకు, అదీ బొటాబొటి ఓట్లతో. 2025 డిసెంబరులో ప్రభుత్వం తేల్చింది, ఆ డబ్బు పరిధిలోనే వీలైనన్ని కొందామని. అంటే 36 రావు. మిరాజ్‌కు చేసిందే ఎఫ్-35కూ చేస్తున్నారు. హార్నెట్‌లు 2030కల్లా విశ్రాంతికి వెళ్లాలి. కొత్తవాటిలో మొదటివి 2027లో చేతికి రావాలి, అదీ ముందు అమెరికాలో స్విస్ పైలట్ల శిక్షణకు.